ఏడు రోజులా, మూడు రోజులా: గది ఎక్కడ తీసుకోవాలి?

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. వచ్చే మే నెలలో పిల్లల సెలవులకు అమెరికా వెళ్తున్నాం. మా తమ్ముడు టాంపాలో ఉంటాడు. వాళ్ళింట్లో దిగి, అక్కణ్ణుంచి ఓర్లాండో వెళ్ళి డిస్నీ వరల్డ్ మూడు రోజులు, వీలైతే యూనివర్సల్ ఒక రోజు చూద్దామనుకుంటున్నాం. తమ్ముడు వాళ్ళు అవన్నీ చూసేశారు, మాతో రారు. మేం ఐదుగురం: నేను, మావారు, పదకొండేళ్ళ పాప, ఐదేళ్ళ బాబు (ఎత్తు 105 సెంటీమీటర్లు), మా అత్తగారు. ఆవిడకు 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, బయటి తిండి పడదు. తమ్ముడేమో “డిస్నీ హోటల్లో దిగడం దండగ అక్కా, డిస్నీ పక్కన కిసిమీలో వంటిల్లు ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోండి. రైడ్లు ఎక్కడ దిగినా ఆ రోజు పొద్దున్నే బుక్ చేసుకోవాలి, అందరికీ ఒకటే” అంటాడు. మా ఆఫీసులో ఒకావిడ “లోపల దిగితే 60 రోజుల ముందే రైడ్లు బుక్ చేసుకోవచ్చు, బయటివాళ్ళకు మిగిలినవే గతి” అంటారు. వెతికి చూస్తే ఏడు రోజులని కనిపిస్తోంది. ఎవరి మాట నమ్మాలి? ఇంకో సంగతి. ఈ చర్చంతా విని మా అత్తగారు “నా వల్ల మీకు ఇబ్బందైతే నేను టాంపాలోనే ఉండిపోతానమ్మా” అన్నారు. అప్పట్నుంచి మనసేం బాగాలేదు.
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

సమాధానం: మీకు ముగ్గురు మూడు మాటలు చెప్పారు. ముగ్గురివీ నిజాలే. కాకపోతే ఎవరు వెళ్ళొచ్చిన ఏడాది నిజం వాళ్ళు చెబుతున్నారు. ఈ పార్కుల్లో క్యూ తప్పించే పద్ధతి పాతికేళ్ళలో నాలుగైదు సార్లు మారింది. పాత సలహా పట్టుకుని కొత్త ప్రయాణానికి డబ్బు కట్టడం వల్లే చాలామంది నష్టపోతున్నారు. కాబట్టి ముందు ఆ వరస చెబుతాను. తర్వాత మీ అత్తగారి సంగతికి వద్దాం. నా లెక్కలో మీ ప్రశ్నలో అసలు ముఖ్యమైనది అదే.

డిస్నీ వరల్డ్‌లో 1999లో ఫాస్ట్‌పాస్ అని మొదలుపెట్టారు. కాగితం చీటీ. రైడు దగ్గర మిషన్లో టికెట్టు పెడితే ఫలానా గంటలో రమ్మని చీటీ వచ్చేది. పూర్తిగా ఉచితం. ఎక్కడ దిగారన్న ప్రశ్నే లేదు, ముందెవరొస్తే వాళ్ళకే. 2014 నాటికి అది ఫోన్లోకి మారింది. అప్పుడే లోపలా బయటా అన్న తేడా పుట్టింది. డిస్నీ హోటల్లో గది ఉంటే 60 రోజుల ముందు, లేకపోతే 30 రోజుల ముందు రోజుకు మూడు రైడ్లు ఎంచుకోవచ్చు. అదీ ఉచితమే. మీ ఆఫీసు ఆవిడ ఆ కాలంలో వెళ్ళి ఉంటారు. కరోనాతో 2020 మార్చిలో అది ఆగిపోయింది, మళ్ళీ రాలేదు. 2021 అక్టోబరులో జీనీ ప్లస్ అని డబ్బు కట్టే పద్ధతి తెచ్చారు. అందులో ముందుగా బుక్ చేసుకోవడమే లేదు. ఏ రోజుకారోజు పొద్దున్న 7 గంటలకు ఫోను పట్టుకుని కూర్చోవాలి. మీ తమ్ముడు చెప్పింది ఇదే. అప్పుడు కూడా విడిగా కొనే పెద్ద రైడ్లకు హోటలువాళ్ళకు 7 గంటలకే, మిగతావాళ్ళకు పార్కు తెరిచాకే అన్న తేడా ఉండేది. బయట దిగినవాళ్ళకు అది కనిపించి ఉండదు.

ఇప్పుడు నడుస్తున్నది 2024 జులై 24న వచ్చింది. పేరు లైట్నింగ్ లేన్. మళ్ళీ ముందస్తు బుకింగ్ వచ్చింది, మళ్ళీ తేడా కూడా వచ్చింది. డిస్నీ హోటల్లో దిగేవాళ్ళకు గదిలో చేరే తేదీకి 7 రోజుల ముందు బుకింగ్ తెరుచుకుంటుంది. బయట దిగేవాళ్ళకు పార్కుకు వెళ్ళే తేదీకి 3 రోజుల ముందు. ఈ రెండు వాక్యాలను ఇంకోసారి చదవండి. ఒకచోట లెక్క గదిలో చేరే తేదీ నుంచి, ఇంకోచోట పార్కుకు వెళ్ళే రోజు నుంచి. అసలు తేడా అంతా అక్కడుంది. చాలామంది దాన్ని గమనించరు.

లోపల దిగితే ఆ ఏడో రోజున మీరు ఉండబోయే రోజులన్నిటికీ, 14 రోజుల దాకా, ఒకేసారి బుకింగ్ తెరుస్తారు. ఉదాహరణకు మే 12న గదిలో చేరి 14న ఖాళీ చేస్తున్నారనుకోండి. మే 5న 12, 13, 14 మూడు తేదీలకూ రైడ్లు పట్టుకోవచ్చు. అంటే 14వ తేదీ రైడ్లు మీకు 9 రోజుల ముందే దొరుకుతున్నాయి. బయట దిగినాయనకు 14వ తేదీ రైడ్లు 11న కానీ తెరుచుకోవు. అందుకే లోపల దిగేవాళ్ళకు నేను చెప్పేది, డిస్నీ వరల్డ్‌లోని నాలుగు పార్కుల్లో రైడ్లు దొరకడం కష్టమైన పార్కును బసలో చివరి రోజుకు పెట్టుకోండి, తేలిక పార్కుతో మొదలుపెట్టండి. ఇంకో మేలు కూడా ఉంది. చేరే రోజు, ఖాళీ చేసే రోజు రెండూ బసలో భాగమే. రెండు రాత్రులకు డబ్బు కడితే మూడు పగళ్ళకు హక్కు వస్తుంది. గది మధ్యాహ్నానికి గానీ ఇవ్వరు, అయినా ఆ పొద్దున్నుంచే పార్కులో మీ బుకింగులు చెల్లుతాయి.

ఇక మీకు పనికొచ్చే పాసులు రెండు రకాలు. మల్టీ పాస్ కొంటే ముందుగా మూడు రైడ్లు ఎంచుకుంటారు. ఒక్కోదానికి గంట వ్యవధి ఇస్తారు, ఆ గంటలో వెళ్ళి విడి వరసలో నిలబడాలి. ఒకటి వాడేసుకోగానే ఇంకోటి బుక్ చేసుకోవచ్చు, అలా రోజంతా. అదే రైడు రెండోసారి రాదు. మేజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ పార్కుల్లో గిరాకీ రైడ్లను ఒక గుంపుగా పెట్టి, అందులోంచి ముందుగా ఒకటే తీసుకోనిస్తారు. యానిమల్ కింగ్‌డమ్‌లో ఆ గుంపుల గొడవ లేదు. అన్నిటికన్నా పెద్ద రైడ్లు మల్టీ పాస్‌లో రావు, వాటికి సింగిల్ పాస్ విడిగా కొనాలి, రోజుకు రెండు దాకా. ధర తేదీని బట్టీ పార్కును బట్టీ మారుతుంది. మల్టీ పాస్ మనిషికి రోజుకు 20, 30 డాలర్లు, రద్దీ రోజుల్లో అంతకు మించి. కొన్నాక సమయాలు మార్చుకోవచ్చు కానీ, డబ్బు వెనక్కి వస్తుందని లెక్క వేసుకోవద్దు.

కాబట్టి హోటల్లో దిగడం వల్ల వచ్చేది ముందుగా ఎంచుకునే అవకాశం మాత్రమే. పాసు డబ్బు లోపలివాళ్ళకైనా బయటివాళ్ళకైనా ఒకటే. “డిస్నీ హోటల్ తీసుకుంటే క్యూలు ఫ్రీ” అని ఎవరైనా అంటే నమ్మకండి. ప్యాకేజీలు అమ్మేవాళ్ళు కొందరు ఈ మాట అంటారు. నాకు కోపం తెప్పించే మాట ఇది. ఐదుగురి కుటుంబం ఆ మాట నమ్మి వెళ్తే పార్కు గేటు దగ్గర అనుకోని ఖర్చు మీద పడుతుంది.

మరి మూడు రోజుల ముందు బుక్ చేసుకునేవాళ్ళకు ఏమీ మిగలదా? అదేం లేదు. మల్టీ పాస్‌లో చాలా రైడ్లు మూడు రోజుల ముందు కూడా దొరుకుతాయి, మీక్కావలసిన గంట దొరక్కపోవచ్చు, అంతే. నిజంగా వెనకబడేది గట్టి గిరాకీ ఉన్న కొన్ని దగ్గరే. హాలీవుడ్ స్టూడియోస్‌లో స్లింకీ డాగ్ డాష్, సింగిల్ పాస్ రైడ్లలో రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్, సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్, ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్ లాంటివి. అందులోనూ మే మొదట్లో, మధ్యలో అమెరికా బడులు ఇంకా నడుస్తుంటాయి. అక్కడి వేసవి సెలవుల రద్దీ నెలాఖరు నుంచి మొదలవుతుంది. మన సెలవులు ముందే వస్తాయి కాబట్టి మీరు మే మూడో వారం దాటకుండా వెళ్ళొస్తే ఏడు రోజులకూ మూడు రోజులకూ ఉన్న తేడా సగానికి సగం తగ్గిపోతుంది. ఇదే ప్రశ్న క్రిస్మస్ వారానికి అడిగి ఉంటే నా జవాబు వేరేగా ఉండేది.

ఇప్పుడు మీ ఇంటి సంగతి.

తిరుమల ప్రయాణం గుర్తు తెచ్చుకోండి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు వదిలే రోజు పొద్దున్న ఇంటిల్లిపాదీ తలో ఫోను పట్టుకుని కూర్చోవడం మనకు అలవాటే. కొండ మీద గది దొరికినవాళ్ళకూ కింద తిరుపతిలో దిగినవాళ్ళకూ ఆ టికెట్ల విషయంలో తేడా లేదు. అయినా పెద్దవాళ్ళను తీసుకెళ్ళేటప్పుడు కొండ మీద గది కోసం ఎందుకంత ప్రయత్నం చేస్తాం? దర్శనం తొందరగా అవుతుందని కాదు. అత్తగారు అలసిపోతే పది నిమిషాల్లో గదికి చేర్చి పడుకోబెట్టొచ్చని, చంటిదానికి నిద్రొస్తే ఒకరు వెనక్కి వెళ్ళొచ్చని. డిస్నీలో లోపలి గది గురించి మీలాంటి కుటుంబం ఆలోచించాల్సింది అదే కోణంలో. రైడ్ల బుకింగ్ దాని వెంట వచ్చే అదనపు లాభం, అంతే.

ఫ్లోరిడా మే నెల ఎండ మన బెజవాడ ఎండంత కాకపోయినా గట్టిదే, దానికి ఉక్క తోడు. మధ్యాహ్నాల్లో ఉరుములతో వానలు మొదలయ్యే కాలం కూడా. ఉరిమితే బయటి రైడ్లు ఆపేస్తారు. మీ బుకింగ్ గంటలో రైడు ఆగిపోతే ఆ పాసును వేరే రైడుకు వాడుకోనిస్తారు కాబట్టి దాని గురించి బెంగ వద్దు. కానీ ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా 68 ఏళ్ళ మనిషినీ ఐదేళ్ళ పిల్లాడినీ పార్కులో ఉంచకూడదు. గదికి వెళ్ళి తిని, పడుకుని, సాయంత్రం రావాలి. కిసిమీ ఇంటి నుంచి అలా చెయ్యాలంటే ముందు పార్కింగు దాకా నడక, అక్కణ్ణుంచి కారు. మేజిక్ కింగ్‌డమ్‌లోనైతే గేటు నుంచి పార్కింగుకు పడవో మోనోరైలో ఎక్కాలి, దాని తర్వాత కారు. మధ్యాహ్నం ఒకసారి వెళ్ళినవాళ్ళు సాయంత్రం మళ్ళీ రారు. నేను చూసిన కుటుంబాల్లో దాదాపు అందరిదీ ఇదే అనుభవం. హోటల్ నుంచైతే ఉచిత బస్సులున్నాయి, కొన్ని హోటళ్ళకు రోప్‌వే లాంటి స్కైలైనర్ ఉంది.

బస్సు వల్ల మీకింకో సౌకర్యం ఉంది. అందరూ ఒకేసారి కదలనక్కర్లేదు. డిస్నీ హోటల్లో దిగినవాళ్ళను ప్రతి పార్కులోకీ ప్రతి రోజూ అరగంట ముందు వదులుతారు. నా దృష్టిలో ఏడు రోజుల ముందు బుకింగ్ కన్నా ఈ అరగంటే విలువైనది, అందులోనూ దీనికి పైసా అదనంగా కట్టక్కర్లేదు. మీవారూ పాపా పొద్దున్నే లేచి, మామూలు సమయానికి గంటా గంటన్నర ముందు గేటు దగ్గరుంటే, యానిమల్ కింగ్‌డమ్‌లో ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్ మొదటి వరసల్లో ఎక్కి దిగుతారు. ఆ రైడుకు 112 సెంటీమీటర్లు కావాలి, మీ బాబు ఎలాగూ ఎక్కలేడు. ఈలోగా మీరూ అత్తగారూ బాబూ నిదానంగా స్నానాలు చేసి, తిని, తర్వాతి బస్సుకు వస్తారు. ఇలా చేస్తే ఆ రైడుకు ఇద్దరి సింగిల్ పాస్ డబ్బు మిగిలింది. మేజిక్ కింగ్‌డమ్‌లో మైన్ ట్రెయిన్‌కు కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది. ఆ రోజు మాత్రం బాబునూ లేపి తీసుకెళ్ళండి, 97 సెంటీమీటర్లుంటే చాలు కాబట్టి వాడూ ఎక్కుతాడు.

ఎత్తు గురించి చెప్పాలి కదా, చెప్పేస్తాను. 105 సెంటీమీటర్లతో మీ బాబు స్లింకీ డాగ్ డాష్ (97), రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్ (102) ఎక్కగలడు. ఎప్‌కాట్‌లో కాస్మిక్ రీవైండ్‌కు 107 కావాలి, రెండు సెంటీమీటర్లలో తప్పిపోతుంది. మేజిక్ కింగ్‌డమ్‌లో ట్రాన్‌ అనే రైడుకు 122 కావాలి, పాప ఎత్తు కూడా ఒకసారి కొలుచుకోండి. వాళ్ళు గేటు దగ్గర కొలబద్ద పెట్టి కొలుస్తారు, బతిమాలితే వదలరు, వదలకూడదు కూడా. “ఎక్కిస్తా నాన్నా” అని ఇక్కణ్ణుంచే మాట ఇచ్చి తీసుకెళ్తే అక్కడ ఏడుపు తప్పదు. ఒక పని చెయ్యండి. వెళ్ళే ముందు ఒక రోజు రావిర్యాల వండర్‌లాకు తీసుకెళ్ళండి. అక్కడా ఎత్తు కొలుస్తారు, అక్కడా క్యూలున్నాయి, డబ్బు కట్టి త్వరగా వెళ్ళే ఫాస్ట్‌ట్రాక్ కూడా ఉంది. బాబు ఎంతసేపు నిలబడగలడో, పాపకు నిజంగా పెద్ద రైడ్లంటే ఇష్టమో లేక స్నేహితులు చెప్పారని అంటోందో, మీకు ఒక్క రోజులో తెలిసిపోతుంది. పాపకు భయమైతే సగం పాసులు కొనక్కర్లేదు.

చిన్నవాడు ఎక్కలేని రైడు దగ్గర రైడర్ స్విచ్ అని ఉచిత సదుపాయం ఉంది. ముందు మీవారూ పాపా ఎక్కుతారు, మీరు బాబుతో ఉంటారు. వాళ్ళు దిగాక మీరు పెద్ద క్యూ లేకుండా వెళ్ళొచ్చు. రైడు ముందున్న సిబ్బందికి ముందే చెప్పాలి. “అత్తగారు బాబును చూసుకుంటారులే” అని ముగ్గురూ ఒకేసారి లోపలికి వెళ్ళిపోకండి. ఆ జనంలో, ఆ భాషలో, పిల్లాడు మూత్రానికి వెళ్ళాలంటే ఆవిడ ఎక్కడికని తీసుకెళ్తారు? ఆవిడ చేతిలో పనిచేసే ఫోను, అందులో మీ నంబరు ఉండి తీరాలి.

మోకాళ్ళ నొప్పులున్నాయి కాబట్టి వికలాంగుల పాస్ అడగండని మీకు ఎవరో ఒకరు చెబుతారు. 2024 మే నుంచి డిస్నీ వరల్డ్ ఆ సదుపాయాన్ని ముఖ్యంగా ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యల వల్ల మామూలు క్యూలో నిలబడలేనివాళ్ళకు పరిమితం చేసింది. మోకాళ్ళ నొప్పికి అది రాదు. దానికి మందు చక్రాల కుర్చీ. పార్కు గేటు దగ్గరే అద్దెకిస్తారు. మన పెద్దవాళ్ళు చక్రాల కుర్చీ అంటే అవమానంగా భావిస్తారు. “నేనేమైనా మంచాన పడ్డానా” అంటారు. మా అమ్మ కూడా అలాగే అన్నారు. మొదటి రోజు మొండికేసి నడిచి, రెండో రోజు గదిలోంచి కదలలేకపోయారు. మూడో రోజు కుర్చీలో కూర్చుని సాయంత్రం దాకా ఉన్నారు, రాత్రి బాణసంచా చూసి గానీ రాలేదు. అందుకని మీరు ఆవిణ్ణి అడగకండి, మొదటి రోజే కుర్చీ తెచ్చి ముందు పెట్టండి. బాబు బ్యాగు దాని వెనక తగిలిస్తే, “ఇది సామాను కోసం అత్తయ్యా, ఖాళీగా ఎందుకు, కూర్చోండి” అనొచ్చు.

ఇప్పుడు గది. ఇక్కడ మీ తమ్ముడి మాటలో బలం ఉంది. డిస్నీలో తక్కువ ధర హోటళ్ళు ఆల్ స్టార్, పాప్ సెంచరీ లాంటివి. ఏడు రోజుల బుకింగ్, అరగంట ముందు ప్రవేశం వీటిలో దిగినా వస్తాయి, ఖరీదైన హోటలే తీసుకోనక్కర్లేదు. కానీ వాటిలో మామూలు గది నలుగురికే. మీరు ఐదుగురు. ఆల్ స్టార్ మ్యూజిక్, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌లలో ఆరుగురు పట్టే ఫ్యామిలీ సూట్లున్నాయి, చిన్న వంటగట్టు, మైక్రోవేవ్‌తో. లేదా పోర్ట్ ఓర్లీన్స్ రివర్‌సైడ్, కరీబియన్ బీచ్ హోటళ్ళలో కొన్ని గదుల్లో చిన్నపిల్లలకు సరిపోయే ఐదో పడక ఉంటుంది. మీకు ఫ్యామిలీ సూటే నయం. ఆవిడకు అన్నం వేడి చేసుకునే వీలుంటుంది, రెండు స్నానాల గదులుంటాయి. ధర మాత్రం మామూలు గదికి బాగా ఎక్కువ.

అందుకే మొత్తం బస లోపల పెట్టొద్దు. రెండు రాత్రులు లోపల, మిగతా రోజులు తమ్ముడి ఇల్లో కిసిమీ ఇల్లో. రెండు రాత్రులకు మూడు పగళ్ళ హక్కు వస్తుందన్నాను కదా, మీకు కావలసింది మూడు రోజులే. మొదటి రోజు తెల్లవారుజామునే టాంపా నుంచి బయల్దేరి యానిమల్ కింగ్‌డమ్. గంటన్నర దారి, ఆ సమయంలో రద్దీ తక్కువ. మీవారూ పాపా తెల్లారి రైడుకు వెళ్ళే పద్ధతి ఆ ఒక్క రోజు కుదరదు, అందరూ కలిసే వెళ్తారు. కాబట్టి ఆ రోజుకు పాప కోసం ఒక సింగిల్ పాస్ కొనండి, ఏడు రోజుల ముందే తేలిగ్గా దొరుకుతుంది. రెండో రోజు హాలీవుడ్ స్టూడియోస్, చివరి రోజు మేజిక్ కింగ్‌డమ్. పాపకు ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజే ముఖ్యమైతే మొదటి, రెండో రోజులు తారుమారు చేసుకోండి. మేజిక్ కింగ్‌డమ్ మాత్రం చివరికే ఉంచండి.

పాసులు కొనేటప్పుడు ఐదుగురికీ ఒకేలా కొనకండి. ఎవరికి కావాలో వాళ్ళకే కొనుక్కోవచ్చు. హాలీవుడ్ స్టూడియోస్‌లో అత్తగారు ఎక్కే రైడ్లు తక్కువ, ఆ రోజు ఆవిడకు మల్టీ పాస్ వద్దు. మేజిక్ కింగ్‌డమ్‌లో మాత్రం అందరికీ తీసుకోండి. అక్కడ ఆవిడ మీతో కలిసి కూర్చోగలిగిన పడవ రైడ్లు, నెమ్మది రైడ్లు చాలా ఉన్నాయి. ఆవిడ ఒక్కరే మామూలు క్యూలో, మీరు విడి వరసలో వెళ్తే, టాంపాలో ఉండిపోయినా ఒకటే అనిపిస్తుంది ఆవిడకు. పార్కు చుట్టూ తిరిగే రైలుకు పాసు అక్కర్లేదు. 1971లో పార్కు తెరిచిన రోజు నుంచీ నడుస్తున్న స్మాల్ వరల్డ్ పడవకు మామూలు వరస కూడా గబగబా కదులుతుంది. యానిమల్ కింగ్‌డమ్‌లో సఫారీ లారీ మాత్రం కుదుపులెక్కువ, నడుం నొప్పి ఉంటే ఆలోచించుకోండి.

తిండి గురించి దిగులు వద్దు. గాజు సీసాలు, మద్యం తప్ప ఇంటి తిండి డిస్నీ పార్కుల్లోకి తీసుకెళ్ళనిస్తారు. టాంపాలో బయల్దేరే ముందు పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాలో పెట్టుకోండి. మధ్యాహ్నం దాకా నిశ్చింత.

లోపలి, బయటి గదుల ధరలు పోల్చేటప్పుడు అన్ని ఫీజులూ కలిసిన మొత్తం చూసుకోండి. బయటి హోటళ్ళు చాలావాటిలో రోజుకింత రిసార్ట్ ఫీజు ఉంటుంది, అద్దె ఇళ్ళకు శుభ్రం చేసే ఖర్చు ఉంటుంది. డిస్నీ హోటళ్ళలో రిసార్ట్ ఫీజు లేదు. బయటి నుంచి కారులో వస్తే పార్కింగుకు రోజూ డబ్బు కట్టాలి, లోపల దిగినవాళ్ళకు అది ఉండదు. చుట్టుపక్కల కొన్ని వేరే హోటళ్ళకు కూడా ఈ సౌకర్యాల్లో కొన్ని ఉంటాయి. గది బుక్ చేసే ముందు హోటల్‌వాళ్ళను రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి: అరగంట ముందు ప్రవేశం ఉందా, ఏడు రోజుల ముందు బుకింగ్ ఉందా. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టే అనుకోకండి.

యూనివర్సల్ లెక్క పూర్తిగా వేరు. అక్కడ పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ అనే మూడు ఖరీదైన హోటళ్ళలో దిగితే గదిలో ఉండే ప్రతి ఒక్కరికీ ఎక్స్‌ప్రెస్ అన్‌లిమిటెడ్ పాస్ ఉచితం. ముందు బుక్ చేసుకోవడం, గంట చూసుకోవడం ఏమీ లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు పక్క వరసలో వెళ్ళడమే. ఒక్క రాత్రి దిగితే రెండు రోజులకు చెల్లుతుంది. మిగతా యూనివర్సల్ హోటళ్ళలో ఇది లేదు, పొద్దున్నే ముందు వదలడం మాత్రం ఉంది. 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్ పార్కులో ఈ ఉచిత ఎక్స్‌ప్రెస్ పనిచెయ్యదు, పాత రెండు పార్కులకే. మీరు వెళ్ళేది ఒక్క రోజే, ఐదుగురిలో పెద్ద రైడ్లు ఎక్కేది ఇద్దరే. వాళ్ళిద్దరికీ ఎక్స్‌ప్రెస్ విడిగా కొంటే ఎంతో, గది ధర ఎంతో పక్కపక్కన వేసి చూడండి. మీ కుటుంబానికి ఆ హోటల్ వద్దనే నా అభిప్రాయం. నిజానికి ఆ రోజు మీవారూ పాపా ఇద్దరే వెళ్ళి రావడం మంచిది. మీరు ముగ్గురూ టాంపాలో తమ్ముడింట్లో ఉండండి. అప్పుడు ఆగిపోయేది అత్తగారొక్కరే కారు, ఆవిడకు ఆ రోజు మీరూ మనవడూ తోడుంటారు.

చివరిగా బుకింగ్ రోజు. పొద్దున్న 7 గంటలంటే ఫ్లోరిడా పొద్దున్న. మే నెలలో అది మనకు సాయంత్రం నాలుగున్నర. నవంబరు నుంచి మార్చి మొదటి దాకా అయితే ఐదున్నర. 2017లో మాకు టికెట్లు తీసిన ఏజెంటు ఈ ఒక్క మాట చెప్పలేదు. “7 గంటలకు తెరుస్తారు” అన్నాడంతే. మేం మన రాత్రి 7 గంటలకు కూర్చున్నాం. అప్పటికి రెండున్నర గంటలు దాటిపోయింది, మా పాప రోజూ పేరు చెప్పుకుంటున్న రైడు మూడు రోజులకూ నిండిపోయింది. ఆ సాయంత్రం దాని ముఖం నాకింకా గుర్తుంది. ఏ దేశం గడియారమో చెప్పకుండా టైము చెప్పేవాళ్ళ దగ్గర మీరు మాత్రం ఇంకో ప్రశ్న అడగండి.

మే 5 నాటికి మీరు టాంపా చేరిపోతే ఇంకా మంచిది. మొదటి నాలుగు రోజులు ఎలాగూ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. ముందు రోజే ఐదుగురి పార్కు టికెట్లూ గది బుకింగూ మై డిస్నీ ఎక్స్‌పీరియెన్స్ యాప్‌లో ఒకే ఖాతా కిందికి చేర్చి పెట్టుకోండి. అత్తగారి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఎక్కించండి. ముందుగా పట్టుకోవాల్సింది సింగిల్ పాస్ రైడు, ఆ తర్వాత చివరి రోజు మల్టీ పాస్, అక్కణ్ణుంచి వెనక్కి రండి. మీ క్రెడిట్ కార్డుకు అంతర్జాతీయ వాడకం బ్యాంకు యాప్‌లో మీరే ఆన్ చేసుకోవాలి, కొత్త కార్డుల్లో అది మూసే ఉంటుంది. ఓటీపీ మీ ఇక్కడి నంబరుకే వస్తుంది, కాబట్టి శంషాబాద్‌లో విమానం ఎక్కే ముందే ఆ సిమ్‌కు రోమింగ్ వేయించండి. బుకింగ్ పూర్తయ్యాక మూడు రోజుల సమయాలూ ఒక కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అత్తగారి చేతికివ్వండి, ఏ రోజు ఏ పడవ ఎక్కుతారో ఆవిడ పేరుతో సహా.